ఊరెళ్ళే ముందే మొక్కలకి పేనుబంక పట్టింది, ఏం చెయ్యమంటారు?

జాజిపందిరి | శుక్రవారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. చలి తగ్గింది, చిగుళ్ళు వస్తున్నాయి అని మురిసిపోయేలోపే గులాబీ మొగ్గల మెడ చుట్టూ పచ్చటి పురుగులు కుప్పలుగా చేరాయి. మిరప మొక్కల కొస ఆకులేమో పైకి ముడుచుకుపోయాయి. గులాబీ ఆకు తాకితే వేళ్ళకి జిగురు, కింద గచ్చు మీదా అదే జిగురు, దాని వెంబడే చీమల బారు.

సరిగ్గా వచ్చే శుక్రవారం మా ప్రయాణం. మా ఆడపడుచు వేరే దేశంలో ఉంటుంది. పిల్లల సెలవులు చూసుకుని ఎప్పుడో టికెట్లు తీసేశాం. ఇంట్లో అత్తయ్య ఒక్కరే ఉంటారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, బకెట్ మోయలేరు. మా వారు ఎవరినో అడిగి ఒక గట్టి మందు తెచ్చారు. "వెళ్ళే ముందు రాత్రి దిట్టంగా కొట్టేస్తే వచ్చేదాకా చూసుకోనక్కర్లేదు" అంటారాయన. నాకెందుకో మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

మట్టిచేతులు | శుక్రవారం, రాత్రి 10:15
జాజిపందిరి గారూ, మీరు చెప్పినవి ఒక పురుగు పనులు కావు, రెండు పురుగులవి. గులాబీ మీద జిగురు, చీమలు, కుప్పలు అంటే అది పేనుబంకే, అనుమానం లేదు. మిరప సంగతి వేరు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే మొక్కల నల్లి (మంచం నల్లి కాదు). పై ముడత, కింది ముడత అని రైతులు ఈ రెంటినీ వేరుగానే చూస్తారు, మందులు కూడా వేరే. నల్లికి ఎనిమిది కాళ్ళు, అది సాలీడుకి చుట్టం. చాలా పురుగుమందులకి లొంగదు.

రేపు వెలుతురు రాగానే చిగురు కింద తెల్లకాగితం పెట్టి కొమ్మని రెండుసార్లు తట్టండి. లేత పసుపు రంగులో సన్నగా ఉన్నవి పరుగెత్తితే తామర పురుగులు. కాగితం మీద ఏమీ కనపడకపోయినా ఆకులు కిందికే ముడుచుకుంటుంటే నల్లిని అనుమానించాలి. మిరప మీదొచ్చే తెల్లనల్లి మామూలుగా కంటికి ఆనదు.

బాల్కనీబాబు | శుక్రవారం, రాత్రి 10:22
మా బాల్కనీలో కుండీలకన్నా పురుగుల జాతులే ఎక్కువ. నేనూ ఇక్కడే కూర్చున్నా, చెప్పండి చెప్పండి.

సూటిమాట | శుక్రవారం, రాత్రి 10:50
నన్ను తిట్టుకున్నా సరే, నేను మందు వాడే మనిషిని. ఇంట్లో ఇద్దరివీ ఉద్యోగాలు, రోజూ ఆకు తిప్పి చూసే తీరిక మాకు లేదు. డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా, చేతులకి తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, గాలి లేని సాయంత్రం కొడితే భయపడాల్సిందేమీ లేదు. ముందు మీ వారు తెచ్చిన మందు పేరేంటో చెప్పండి. పేరు తెలియకుండా మంచిదనీ చెడ్డదనీ ఎలా అంటాం?

జాజిపందిరి | శనివారం, ఉదయం 7:05
డబ్బా మీద ఇమిడాక్లోప్రిడ్ అని ఉందండి. కాగితం పెట్టి తట్టి చూశాను, మట్టిచేతులు గారూ. సన్నటి పసుపు రంగువే, చకచకా పరుగెత్తాయి. ఆకు వెనక వెండి పూత పూసినట్టు మరకలు కూడా ఉన్నాయి.

మట్టిచేతులు | శనివారం, ఉదయం 7:48
వెండి మరకలంటే తామర పురుగే. గీకి రసం పీల్చిన చోట అలా అవుతుంది.

ఇక మందు సంగతి. ఇమిడాక్లోప్రిడ్ ఆకు మీద పడి అక్కడితో ఆగేది కాదు, మొక్క రసంలోకి వెళ్తుంది. రసం పీల్చే పురుగు అందుకే చస్తుంది. పూలలోని మకరందానికీ పుప్పొడికీ కూడా అది చేరుతుంది, అదే చిక్కు. తేనెటీగలకి హాని అని 2018లో యూరోపియన్ యూనియన్ ఈ మందునీ ఇదే జాతికి చెందిన మరో రెంటినీ ఆరుబయట వాడకుండా నిషేధించింది. వసంతంలో పూత మీదున్న మొక్కకి దీన్ని కొట్టమని నేనైతే చెప్పను. మిరప తినే పంట కాబట్టి, కొట్టాక ఎన్నాళ్ళు ఆగి కాయలు కోయాలో కూడా లేబుల్ మీద చూడాలి.

ఇంతకన్నా పెద్ద మాట ఒకటుంది. గట్టి మందు కొడితే పేనుబంకతో పాటు దాన్ని తినే పురుగులూ పోతాయి. పేనుబంకలో ఆడవి జత కట్టకుండానే పిల్లల్ని పెడతాయి. గుడ్లు కాదు, నేరుగా పిల్లలే. వెచ్చగా ఉంటే వారం పదిరోజుల్లో ఆ పిల్లలూ తల్లులైపోతాయి. పేనుబంకని తినే అక్షింతల పురుగుకి (లేడీబర్డ్) గుడ్డు నుంచి పెద్దదవడానికి మూడు నాలుగు వారాలు కావాలి. మందు ప్రభావం తగ్గేసరికి ముందు లేచేది ఎవరో మీరే లెక్కేసుకోండి. అప్పటికి ఇంట్లో మీరుండరు.

సూటిమాట | శనివారం, ఉదయం 8:30
పూలున్న మొక్కకి కొట్టకూడదన్నది ఒప్పుకుంటాను. మందే వద్దు అంటే మాత్రం ఒప్పుకోను. పురుగు మొక్కని పూర్తిగా కమ్మేశాక సబ్బునీళ్ళతో ఆగదు, నా కళ్ళతో చూశాను. ఒక్క విషయంలో మాత్రం మీ వారితో నాకూ పడదు జాజిపందిరి గారూ. మందు కొట్టిన మర్నాడే ఇల్లు వదలకూడదు. ఆకు మాడినా, పక్కింటి పిల్లి వచ్చి నాకినా చూసేవాళ్ళుండాలి.

మూడుతరాలు | శనివారం, ఉదయం 9:12
అమ్మాయ్, ఇంత సేపూ మొక్కల గురించే మాట్లాడుతున్నారు. మీ అత్తగారిని ఎవరైనా అడిగారా? మీరంతా విమానం ఎక్కేశాక ఆ మందు వాసన మధ్య ఉండేది ఆవిడే కదా. పొద్దున్నే మొక్కల మధ్య తిరిగే అలవాటు ఉన్న మనిషైతే చేత్తో ఆకులు తడమకుండా ఉండరు. బకెట్ మోయలేనంత మాత్రాన ఏ పనీ చేతకాదని కాదు. ఏం చెయ్యగలరో ఆవిడనే అడగండి.

జాజిపందిరి | శనివారం, మధ్యాహ్నం 1:20
మూడుతరాలు అమ్మా, మీ మాట చదివి వెంటనే వెళ్ళి అడిగాను. "నన్ను అడగరేంటా అని చూస్తున్నా" అన్నారు. కుర్చీ వేసుకుని గులాబీల దగ్గర కూర్చుని, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొగ్గ మెడని పట్టుకుని కింది నుంచి పైకి లాగేస్తున్నారు. పురుగు పచ్చటి ముద్దయి వేలికి అంటుకుంటోంది, చీర కొంగుకి తుడిచేసుకుంటున్నారు. మా పెద్దాడు "ఛీ నానమ్మా" అంటున్నాడు, ఆవిడ ఆపడం లేదు. నడుము ఎత్తులో ఉన్నవన్నీ తానే చూసుకుంటారట. కింద ఉన్న కుండీలు మాత్రం వంగి చూడలేనన్నారు.

మందు డబ్బా మూత తియ్యలేదు కాబట్టి మా వారు ఈ సాయంత్రం తిరిగి ఇచ్చేసి వస్తానన్నారు. మొహం కాస్త ముడుచుకున్నారు, ఫరవాలేదు.

మట్టిచేతులు | శనివారం, మధ్యాహ్నం 2:05
మీ అత్తగారు చేస్తున్నదే అసలైన వైద్యం. కింది కుండీలని ఒక బల్ల మీదకి ఎక్కించేస్తే సరి.

మీరు వెళ్ళేలోగా చెయ్యాల్సింది ఇదీ. ఉదయం పూట పైపుతో నీళ్ళు కాస్త జోరుగా ఆకుల వెనక పడేలా కొట్టండి. రాలిన పేనుబంకలో చాలావరకు తిరిగి ఎక్కలేవు. రోజు మార్చి రోజు చెయ్యండి. అప్పటికీ మిగిలినవాటికి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల లెక్కన మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణం సాయంత్రం పూట. బట్టల సబ్బు పొడి వద్దు, ఆకు మాడుతుంది. సబ్బునీళ్ళు పురుగుని తడిపితేనే చంపుతాయి, ఆరాక వాటికి పనిలేదు. అందుకే ఆకు పైన కొట్టి వదిలేస్తే దండగ. ముందు ఒక్క కొమ్మకి కొట్టి, ఒక రోజు చూసి, తర్వాత మిగతాది.

చీమల్ని మాత్రం వదలకండి. ఆ జిగురు కోసం అవి పేనుబంకని కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు వస్తే తరిమేస్తాయి. ఇంటి గోడకి తాకే కొమ్మలు, తీగలు కత్తిరించండి. బల్ల కాళ్ళని నీళ్ళ గిన్నెల్లో పెడితే చీమ పైకి రాదు.

మిరపకి ముడుచుకున్న కొసలు తుంచి సంచిలో మూటగట్టి పారేయండి. పక్కన నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. తామర పురుగుకి నీలం, తెల్లదోమకీ రెక్కలున్న పేనుబంకకీ పసుపు.

కొత్తమొలక | శనివారం, సాయంత్రం 5:33
మధ్యలో దూరినందుకు సారీ. మా టమాటా మొక్క మీద నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలున్న పురుగు తిరుగుతోంది. అచ్చం బుల్లి మొసలి. చాలా భయంకరంగా ఉంది, మా నాన్నగారు నలిపేస్తానంటున్నారు. ఆపాను. ఏంటది?

మట్టిచేతులు | శనివారం, సాయంత్రం 5:41
ఆపండి ఆపండి! అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదానిలాగే ఇదీ పేనుబంకని బాగా తింటుంది. ఆకు వెనక పసుపు రంగులో నిలువుగా గుత్తిగా నిలబెట్టిన గుడ్లు కనపడినా ముట్టుకోకండి, అవీ వాటివే.

పాతపుస్తకం | శనివారం, సాయంత్రం 6:20
అక్షింతల పురుగు పేరు రాగానే ఆగలేకపోతున్నాను. 1880లలో కాలిఫోర్నియా నారింజ తోటల్ని దూది పూసినట్టుండే ఒక పొలుసు పురుగు మోడు చేసేస్తుంటే, ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన్ని 1888లో ఆస్ట్రేలియా పంపారు. ఆ పొలుసు పురుగు పుట్టిల్లు అదే కాబట్టి దాని శత్రువూ అక్కడే ఉండాలని లెక్క. ఆయన ఓడలో పంపించిన అక్షింతల పురుగులు మొదట వంద పైచిలుకే. వాటిని ఒక నారింజ చెట్టుకి గుడ్డ గుడారం కట్టి లోపల వదిలారు. ఏడాది రెండేళ్ళలోనే తోటలు తేరుకున్నాయి. మందులు అప్పుడూ ఉన్నాయి, కొట్టారు, తగ్గలేదు.

సూటిమాట | శనివారం, సాయంత్రం 6:45
కథ బావుంది పాతపుస్తకం గారూ. కానీ ఆ పురుగుకి ఆ ఒక్క తిండే ఇష్టం కాబట్టి అంత బాగా పనిచేసింది. అన్ని పురుగులకీ అలాంటి మొగుడు దొరకడు.

పాతపుస్తకం | శనివారం, సాయంత్రం 6:58
అదీ నిజమే.

జాజిపందిరి | ఆదివారం, ఉదయం 10:10
ఇంకో కొత్త గొడవ. జత లేకుండానే పిల్లలు పుడతాయన్న ముక్క మా పెద్దాడు నా భుజం మీద నుంచి చదివేశాడు. ఇప్పుడు ఒక్క పేనుబంకని గాజు సీసాలో పెట్టి రోజూ లెక్క రాసుకుంటాడట. అంతవరకూ బానే ఉంది. ఆ సీసాని ప్రయాణంలో కూడా పట్టుకొస్తాడట! దాంతో పాటు మా ఆడపడుచు జాజి కొమ్మ ఒకటి తెమ్మని అడిగింది. తడి గుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెడదామని అనుకుంటున్నా.

పాతపుస్తకం | ఆదివారం, ఉదయం 10:35
మీ వాడికి నా తరఫున ఒక చాక్లెట్. సరిగ్గా ఆ ప్రయోగమే 1740లో జెనీవాలో చార్లెస్ బొన్నె అనే 20 ఏళ్ళ కుర్రాడు చేశాడు. అప్పుడే పుట్టిన ఒక్క పేనుబంకని ఆకుతో సహా గాజు పాత్ర కింద మూసి, రోజంతా దాని ముందే కూర్చుని, పుట్టిన ప్రతి పిల్లనీ టైముతో సహా రాసుకున్నాడు. మగ పురుగు ముఖం చూడకుండానే అది 90కి పైగా పిల్లల్ని పెట్టింది. ఊరెళ్ళేలోపు మీ వాడికీ మొదటి తరం కనపడుతుంది. సీసాలోని కొమ్మ మాత్రం రోజూ తాజాగా ఉండాలి.

సంచారి | ఆదివారం, ఉదయం 11:02
సీసా వద్దు, కొమ్మా వద్దు. ఇది మాత్రం గట్టిగానే చెప్తున్నాను. మట్టి, పురుగులు దేశం దాటించడానికి ఆంక్షలుంటాయి, బతికున్న మొక్కలకైతే చాలా దేశాల్లో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. యూరోపియన్ యూనియన్ దేశాలకైతే 2019 డిసెంబర్ 14 నుంచి ప్రయాణికులు చేతిలో తీసుకెళ్ళే మొక్కలకి కూడా అది తప్పనిసరి. విమానాశ్రయంలో పట్టుకుంటే లాక్కోవడమే కాదు, కొన్నిచోట్ల జరిమానా కూడా వేస్తారు. ఎందుకింత పట్టింపు అంటారా? పేనుబంకకి దగ్గర చుట్టమైన ఫిలాక్సెరా అనే పురుగు 1860లలో అమెరికా ద్రాక్ష మొక్కలతో పాటు ఫ్రాన్స్‌కి చేరింది. అక్కడి ద్రాక్ష తోటలు పెద్ద ఎత్తున పోయాయి. అప్పుడు ఓడలో వచ్చింది కూడా ఎవరో ముచ్చటపడి తెచ్చుకున్న కొమ్మే అయ్యుంటుంది.

మీ ఆడపడుచుని అక్కడి నర్సరీలోనే కొనుక్కోమనండి.

ఇంకో మాట. పిల్లల పాస్‌పోర్టుల గడువు చూశారా? చాలా దేశాలు మీరు అడుగుపెట్టే రోజుకి ఇంకా 6 నెలల గడువుండాలంటాయి. పెద్దల పాస్‌పోర్టు కన్నా పిల్లలది త్వరగా అయిపోతుంది, అదే జనం మర్చిపోతారు.

జాజిపందిరి | ఆదివారం, ఉదయం 11:25
గుండె ఝల్లుమంది! బీరువా తీసి చూశాను. చిన్నదానిదీ పెద్దాడిదీ రెండూ ఏడాదికి పైనే ఉన్నాయి. హమ్మయ్య. సీసా నానమ్మకి అప్పగించడానికి ఒప్పుకున్నాడు, రోజూ వీడియో కాల్‌లో లెక్క చెప్పాలని షరతు పెట్టాడు. ఆడపడుచుకి కొమ్మ సంగతి నేనే చెప్పాలి, కాస్త అలుగుతుంది.

ఇంక మిగిలింది నీళ్ళ సంగతి. నడుము ఎత్తు కుండీలకి అత్తయ్య మగ్గుతో పొయ్యగలరు. మిగతావి?

బాల్కనీబాబు | ఆదివారం, మధ్యాహ్నం 12:15
ఇది నా సబ్జెక్టు. చిన్న కుండీలకి నూలు తాడు. దాన్ని ముందే నీళ్ళలో బాగా నానబెట్టి, ఒక కొస బకెట్ అడుక్కి, ఇంకో కొస మట్టిలో రెండు మూడంగుళాల లోతుకి. బకెట్ కుండీ కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. నైలాన్ తాడు పనికిరాదు, నీళ్ళు పీల్చదు. పెద్ద కుండీలకి తాడు చాలదు. వాటిలో పైన రంగు, మెరుపు పూత లేని చిన్న మట్టి కుండ మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టండి, కుండ గోడల్లోంచి నెమ్మదిగా చెమ్మ ఊరుతుంది. దాని అడుగున కన్నం ఉండకూడదు. అన్నిటినీ నీడకి జరిపి దగ్గర దగ్గరగా పెట్టండి, మట్టి మీద ఎండాకులు పరవండి. ఇదంతా వెళ్ళే రోజు కాదు, ఇవాళే పెట్టి చూడండి. ఏ కుండీ ఎంత తాగుతుందో ముందే తెలుస్తుంది.

సూటిమాట | ఆదివారం, మధ్యాహ్నం 12:40
కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నింపి వెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం పదిరోజులు చాలు. అత్తగారిని దోమలకి అప్పగించినట్టవుతుంది. పళ్ళేలు వంచేస్తే చాలదు, గరుకు బ్రష్షుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు గోడకి అంటుకుని నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. బకెట్లకి కూడా గుడ్డ కట్టండి. బల్ల కాళ్ళ కింది నీళ్ళ గిన్నెలు కూడా వెళ్ళే ముందు తీసేయండి.

మూడుతరాలు | ఆదివారం, మధ్యాహ్నం 1:05
ఈ సూటిమాట అబ్బాయి మొదట మందు మందంటూ భయపెట్టాడు కానీ మంచివాడే.

సూటిమాట | ఆదివారం, మధ్యాహ్నం 1:08
అమ్మా, నేను అబ్బాయిని కాదు. ఇద్దరు పిల్లల తల్లిని :)

మూడుతరాలు | ఆదివారం, మధ్యాహ్నం 1:30
అయితే మరీ మంచిదానివి.

కొత్తమొలక | ఆదివారం, సాయంత్రం 4:50
ప్రయాణాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సెలవులకి మేము కారులో వెళ్తున్నాం. మా చెల్లి కొడుక్కి ఆరేళ్ళు, కారెక్కితే వాంతులు. ఏమైనా చెప్తారా?

సంచారి | ఆదివారం, సాయంత్రం 5:25
ఆ వయసులో అది మామూలే. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకే ఎక్కువ. కళ్ళు ఫోన్ మీద, బొమ్మల పుస్తకం మీద ఉంటే కదలడం లేదని కళ్ళు చెప్తాయి, కదులుతున్నామని చెవి లోపలి భాగం చెప్తుంది. ఆ తగాదాకే కడుపు తిప్పుతుంది. వెనక సీటు మధ్యలో, సీటు బెల్టు సరిగ్గా పడితేనే సుమా, ముందు అద్దంలోంచి దూరం చూసేలా కూర్చోబెట్టండి. ఫోన్ ఇవ్వకండి. కిటికీ కాస్త దించండి. మాత్ర వెయ్యాలంటే పిల్లల డాక్టర్ని అడిగే వెయ్యండి.

జాజిపందిరి గారూ, మీకూ ఒకటి. హోటల్లో గానీ గది అద్దెకి తీసుకుని గానీ ఉంటే, సామాను లోపల పెట్టకముందే పరుపు కుట్లు ఎత్తి టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలు, పొట్టు కనపడితే మంచం నల్లులున్నట్టే, గది మార్చమనండి. సూట్‌కేసు మంచం మీద పెట్టకండి. ఇంటికొచ్చాక, తట్టుకునే బట్టలన్నీ 60 డిగ్రీల నీళ్ళలో ఉతికేస్తే సరి. పేనుబంకని వదిలించుకుని నల్లుల్ని తెచ్చుకోకూడదు కదా.

జాజిపందిరి | సోమవారం, రాత్రి 9:15
మీ అందరి మాటా విన్నాం. మా వారు పైపు పట్టారు, ఆ పని ఆయనకి నచ్చినట్టే ఉంది, పనిలో పనిగా కారు కూడా కడిగేశారు. గులాబీ మొగ్గలు శుభ్రంగా కనపడుతున్నాయి, కొత్తవి అక్కడక్కడా ఉన్నాయి గానీ కుప్పలు లేవు. తాళ్ళు పెట్టాం. చిన్న కుండీలు బానే తాగుతున్నాయి, మందారానికి మాత్రం చాలడం లేదు, దానికి మట్టి కుండ పాతుతాం. సీసాలో తల్లి పక్కన ఇవాళ మూడు చుక్కలు కనపడ్డాయి. భూతద్దం ఎవరి దగ్గరుండాలని అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటున్నారు.

చివరి ప్రశ్న. వెళ్ళే ముందు గులాబీని బాగా కత్తిరించి, ఎరువు వేసి వెళ్తే మేమొచ్చేసరికి పూలతో ఉంటుందని అనుకుంటున్నా. చెయ్యొచ్చా?

మట్టిచేతులు | సోమవారం, రాత్రి 9:52
రెండూ వద్దండి. ఇప్పుడు కత్తిరించి నత్రజని ఎరువు వేస్తే మెత్తటి చిగుళ్ళు ఒక్కసారిగా తోసుకొస్తాయి. పేనుబంకకి కావాల్సింది అదే, పైగా నీళ్ళూ ఎక్కువ అడుగుతాయి. ఎండిన పూలు మాత్రం తుంచేయండి. తిరిగొచ్చాక ఒక వారం ఆగి, చిగుళ్ళ వెనక చూసుకుని, పురుగు లేకపోతే అప్పుడు కత్తెర పట్టండి. ఎరువు ఆ తర్వాతే, అదీ సగం మోతాదు.